లేయక్క శనివారం

మట్టెవాడలో మా గాజుల దుకాణాన్ని ఆనుకునే లేయక్క నూనె గానుగ. ఆమె మామగారు ఎప్పుడో కొంకణం నుంచి కాజీపేట రైల్వే కొలువుకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. శుక్రవారం పొద్దుగూకకముందే ఆమె గాజు గ్లాసులో కొబ్బరినూనె పోసి వత్తి వెలిగించేది. శనివారం షటర్ ఎత్తేది కాదు. నేనప్పుడు కొత్త కోడలిని, నోరు ఊరుకోదు. "లేయక్కకు లక్ష్మి మీద భక్తి, శని అంటే భయం" అని బజారంతా చాటేశాను. శనివారం మనం నూనె కొనం కనుక అందరూ నమ్మారు.

ఆ మాట చెవిన పడగానే ఆమె పకపకా నవ్వింది. "శనికి నేనెందుకు భయపడుత సావిత్రీ? మేం యూదులం. లోకం చేసినంక దేవుడే ఏడో దినం ఆగిండు. నేను, నా మిషన్, నా పనోడు మొగిలి ఆగొద్దా?"

మొగిలికి ఆ రోజు కూలి శుక్రవారమే ఇచ్చి మరీ ఇంట్లో కూర్చోబెట్టేది. ఇదెక్కడి చోద్యమని నాకు ఒళ్లు మండేది.

ఎనభై ఒకటి వానకాలంలో ఒక శనివారం పొద్దున, ఎదురింటి బట్టల షావుకారు వెంకట్రాజం గానుగ వెనకే ఉన్న ఆమె ఇంటి తలుపు తట్టాడు. మర్నాడు కూతురు శారద సీమంతం. వంటవాళ్లు దిగారు, నూనె చాలదు. గానుగ సగం నడిచేది ఆయన చుట్టాల ఇళ్ల గిరాకీతోనే.

"శనివారమని నేనే చూస్తలేను, నీదేంది? తెరువు."

"ఇయ్యాల నూనె అమ్మను, పైసలు ముట్టను. రేపు తెల్లారంగనే మొగిలితోని పంపుత."

"అట్లనా? ఇగ మా ఇండ్లల్ల నీ నూనె బంద్!"

"జర తెరువక్కా, బేరం పోతాంది" అని నేనూ బతిమాలాను. ఆమె ముఖం వాడింది గానీ తాళంచెవి తీయలేదు.

మధ్యాహ్నం కుండపోత వాన. వెంకట్రాజం మళ్లీ అదే గుమ్మంలోకి వచ్చాడు. "శారదకు నెత్తురు పోతాంది... రిక్షా లేదు..."

ఆయన మాట ముగియకముందే షటర్ లేచింది. నూనె డబ్బాలు మోసే టెంపో బయటికొచ్చింది. భర్త పోయాక దాన్ని నడపడం లేయక్కే నేర్చుకుంది. వెనకాల గోనెల మీద శారద, దాని తల నా ఒళ్లో. హనుమకొండ దవాఖాన దాకా లేయక్క హారన్ మీద చేయి తీయలేదు.

తల్లీ బిడ్డా దక్కారు. వెంకట్రాజం నోట్లు తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు.

"పైసలు ముట్టనని పొద్దుగాల చెప్పిన గద, అన్నా."

"మరి బండి తీస్తివి, నేమం తప్పినట్టు కాదా?" అన్నాన్నేను. నోరు ఊరుకోదని ముందే చెప్పాను.

"ప్రాణం పోతాంటే ఆగుతెనే తప్పు. బండి తీసుడే మా నేమం." తాళంచెవి కొంగున కట్టుకుంది. "ఇప్పుడు గండం దాటింది, శనివారం దాటలే. ఇగ బండెందుకు? నడువ్."

టెంపోను దవాఖాన ముందే వదిలేసి హనుమకొండ నుంచి మట్టెవాడ దాకా నడిపించింది మహాతల్లి. వానలో, బురదలో. దారి పొడుగునా తిట్టుకున్నాను. కానీ నిజం చెప్పాలి, ఆమె పక్కన నడుస్తుంటే నాకెంత గర్వంగా ఉందో! పెద్ద గిరాకీ పోతుందన్నా తెరవని తలుపు, తిట్టిపోయిన మనిషి బిడ్డ కోసం ఒక్క ఉదుటున తెరుచుకుంది. ఇలాంటి మనిషి మా పక్క దుకాణంలో ఉందని ఊరంతా చెప్పుకోవాలనిపించింది.

తరువాతి శనివారం ఎవరో పొరుగూరాయన వచ్చి షటర్ దబదబా బాదాడు. నేను నోరు తెరిచేలోపే ఎదురుగా వెంకట్రాజం గద్దె దిగి వచ్చాడు.

"ఏందయ్యా, ఎవరి ప్రాణమన్న పోతాందా?"

"లేదు సేటూ, రెండు సేర్ల నువ్వుల నూనె..."

"అయితే రేపు రా. ఇయ్యాల మా లేయమ్మ శనివారం!"