పెళ్ళింటి బయట వ్యాను

అర్లీన్ వ్యాను తలుపు పక్కకు తోసి, కింద చెక్కపీట వేసి, లవీనా మోచేయి పట్టుకుంది. ముసలమ్మ ఎక్కింది. వెనకే ఆమె కోడలు మలిండా, ఆడపడుచు సేడీ ఎక్కి, నల్ల బానెట్ టోపీలు సర్దుకుంటూ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. పీట లోపల పడేసి స్టీరింగు ముందు కూలబడేసరికి అర్లీన్‌కు ఆయాసం వచ్చింది. ఈ మధ్య తరచూ వస్తోంది. భారీ మనిషి. చీలమండలు సాక్సుల మీదుగా పొంగి ఉన్నాయి. జుట్టు వెనక్కి దువ్వి, ఎప్పుడూ వేసుకోని నీలం లంగా వేసుకుంది.

అమెరికా పల్లెల్లో పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవులు ఆమిష్ వాళ్ళు; కారు నడపరు, ఎక్కడానికి మాత్రం అభ్యంతరం లేదు. మొగుడు పోయి, కోళ్ళ ఫ్యాక్టరీ మూతపడ్డాక అర్లీన్ వాళ్ళను తిప్పే పని పట్టింది. ఆస్పత్రికి, బట్టల కొట్టుకు, చావులకు, పెళ్ళిళ్ళకు. ఆ పనిలో ముప్పాతిక ఎదురుచూపే. ఆ ఎదురుచూపులో నవలలు అలవాటయ్యాయి. అన్నీ ఒకటే రకం. అట్ట మీద తెల్లటోపీ పిల్ల, వెనక గోధుమచేను, లోపల ఆమిష్ ప్రేమ. వాటిలో ఒక్క ముద్దుకు మూడొందల పేజీలు పడుతుంది. ఎవరూ తలుపు విసిరికొట్టరు. చివర్లో ఏదో ఒక భోజనాల బల్ల దగ్గర, బయటినుంచి వచ్చినవాళ్ళ కోసం ఒక చోటు ఖాళీగా ఉంటుంది. అర్లీన్‌కు ముద్దు కంటే ఆ చోటే ఇష్టం.

నిజం పెళ్ళిళ్ళకు ఆమె ఎన్నింటికో వెళ్ళింది. ఒక్కసారీ గడప దాటలేదు. మధ్యాహ్నానికి వేడివేడి పళ్ళెం వ్యాను కిటికీ దగ్గరికి వచ్చేది. అందులో అమర్యాదేమీ లేదు. డ్రైవరు చోటు వ్యాను.

బండి మొక్కజొన్న మోళ్ళ పక్కన మలుపు తిరిగింది.

"నీ పుస్తకంలో ఆ వడ్రంగి ఏమయ్యాడు?" సేడీ అడిగింది, తనకేం పట్టనట్టు కిటికీలోంచి చూస్తూ.

"నువ్వు ఇట్లాంటివి చదవవు కదా!" అంది అర్లీన్.

"చదవను. బిషప్పుకు నచ్చదు. వినడం గురించి ఆయనేమీ అనలేదు."

అర్లీన్ చెప్పింది. పట్నం నుంచి వచ్చిన నర్సు పశువుల కొట్టంలో ఒంటరిగా ఏడుస్తోంది. వడ్రంగి లాంతరు పట్టుకుని వచ్చాడు.

"మళ్ళీ కొట్టంలోనేనా ఏడుపు?" అంది మలిండా. "పోయిన పుస్తకంలో పిల్లా అక్కడే ఏడ్చింది. మా కొట్టంలో ఏడవమను, ఆవు తన్నుద్ది."

"పేడ ఎవరెత్తారో మాత్రం రాయరు," అంది లవీనా.

"వదినా, మా అన్న నీ కోసం లాంతరు పట్టుకుని రాలేదూ?"

"ఎందుకు రాలేదు! వచ్చాడు. ఆవు ఈనుతోంది, ఇది పట్టుకో అని నా చేతికిచ్చాడు."

వ్యానంతా నవ్వు. నవ్వు ఆగాక లవీనా ముందుకు వంగింది. "అర్లీన్, ఇవాళ నువ్వు లోపలికొచ్చి తినాలి. నా మనవరాలి పెళ్ళి. మా అమ్మాయితో చెప్పాను."

"చోటు మిగిలితే పిలుస్తారులే," అంది మలిండా.

అర్లీన్ అద్దంలో ఒకసారి తన జుట్టు చూసుకుంది.

పొలంలో బూడిదరంగు గుర్రబ్బండ్ల వరస చివర వ్యాను ఆపింది. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళారు. పాటలు వినిపించాయి. తర్వాత ప్రసంగం సాగి సాగి నడిచింది. పుస్తకం ఒళ్ళో ఉంది గాని ఆమె తెరవలేదు, ఇంటి తలుపు వైపే చూస్తూ కూర్చుంది. మొదటి బంతి మొదలైంది. పళ్ళెం రాలేదు. మొదటి బంతి లేచింది. అయినా రాలేదు. మరిచిపోయి అయినా ఉండాలి, లేదా పిలవబోతూ అయినా ఉండాలి. కడుపు కాలుతున్నా, పళ్ళెం రాకూడదనే కోరుకుంది.

తలుపు తెరుచుకుని లవీనా కూతురు వచ్చింది. చేతులు ఖాళీ.

"రా, చోటుంది."

లోపల బెంచీ మీద మోచేతికి మోచేయి తగులుతోంది. రొట్టెముక్కలు కలిపి కాల్చిన కోడి, చిదిపిన బంగాళాదుంపలు, పాలతో వండిన సెలెరీ కాడలు. చుట్టూ వాళ్ళ ఇంటి భాష డచ్చిలో మాటలు. నరాల వాపు గురించి, ప్రెషర్ కుక్కర్ల గురించి అని సగం అర్థమైంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. అర్లీన్ తలవంచుకుని తింది.

"ఆ కథల డ్రైవరువు నువ్వేనా?" ఎదురుగా ఉన్న ఓ లావుపాటావిడ ఇంగ్లీషులోకి మారింది. "నర్సును ఆ వడ్రంగి చేసుకున్నాడా లేదా? పోయిన వారం ఆ కథ చెబుతూ చెబుతూ సేడీ సగంలో ఆపేసింది. మాకు నిద్ర పడితే ఒట్టు!"

సేడీ ముఖం ఎర్రబడింది. బల్లంతా అర్లీన్ వైపు తిరిగింది. చివరి అధ్యాయాలు అర్లీన్ ఇంకా చదవనే లేదు. మూతి తుడుచుకుంది.

"చేసుకోలేదు."

"అయ్యో!"

"ఆ ఊళ్ళోనే ఉండిపోయింది, వాళ్ళకి పురుళ్ళు పోస్తూ. ఏళ్ళు గడిచాయి. ఒకరోజు భోజనానికి పిలిచారు."

"తర్వాత?"

"వెళ్ళింది. తింది."

"ఇదేం ముగింపు! పెళ్ళి చెయ్యి తల్లీ, పాపం!" అందావిడ. అందరూ నవ్వారు. మలిండా నవ్వలేదు. సెలెరీ గిన్నె అర్లీన్ వైపు జరిపి, "ఇంకొంచెం వేసుకో," అంది.

అర్లీన్ రెండోసారి వేసుకుంది.

సాయంత్రం ముగ్గురూ వచ్చేసరికి ఆమె స్టీరింగు ముందు కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. సేడీయే తలుపు తోసింది. ముగ్గురూ మెల్లగా ఎక్కి, ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు.

"లేపకు," అంది లవీనా. "కడుపునిండా తింది. ఓ కునుకు తియ్యనీ."

"చివర్లో ఏమైందో చూడనా?"

"ముట్టుకోకు."

గుసగుసలాడుకుంటూ కూర్చున్నారు. చలి పెరిగింది. మలిండా తన శాలువా విప్పి, ముందుకు వంగి అర్లీన్ భుజాల మీద కప్పింది. ఆమె వేళ్ళు చల్లబడ్డ మెడకు తగిలాయి. అవి అక్కడే ఉండిపోయాయి. తర్వాత డచ్చిలో ఒక్క మాట అంది.

మగవాళ్ళు వచ్చి వ్యాను చుట్టూ నిలబడ్డారు. దాన్ని నడపగలిగినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. ఒకడు ఫోనున్న పొరుగింటికి నడిచాడు. దిగమని ఎంత చెప్పినా లవీనా దిగలేదు. "అర్లీన్‌ను ఒంటరిగా వదలను," అంది. ఆంబులెన్సు వచ్చేదాకా ముగ్గురూ ఆమె వెనక సీట్లలోనే కూర్చున్నారు.

వ్యాను ఇప్పుడు అర్లీన్ అన్న కొడుకు ఇంటి ముందు ఉంది. అమ్మకానికి బోర్డు పెట్టారు. డ్రైవరు సీటు మీద నల్ల ఉన్ని శాలువా పడి ఉంది. మెడ దగ్గర కలిపి గుచ్చుకునే గుండుసూది దాని అంచుకే ఉంది.