అందరూ ఆమెన్ అన్న ప్రార్థన

…పైగా, మంచి చేయమని నలుగురికీ చెప్పడం మంచి చేయడం కన్నా ఏ రకంగా తక్కువ? ఒక్కడు చేస్తే ఒక్క మంచే అవుతుంది. చెబితే నలుగురూ చేస్తారు. ఆ ప్రకారం చెప్పేవాడే ముందుండాలి. వైశాలి స్టేషన్‌లో మెట్రో ఎక్కినప్పటి నుంచి కిరణ్‌కుమార్ ఈ లెక్కనే తిప్పి తిప్పి వేస్తున్నాడు, ఎక్కడో తేడా వస్తోందని తెలిసి కూడా.

ఇందిరాపురంలోని తెలుగు క్రైస్తవ కుటుంబాలు శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఫ్లాట్‌లో కూడుకుంటాయి. చివరి ప్రార్థనకు ముందు అందరినీ మంచివైపు పురికొల్పుతూ నాలుగు మాటలు చెప్పడం, ఆ ప్రార్థన చేయడం అతని పని. ఆఫీసులో టీమ్‌ని నడిపే అలవాటు వల్ల కాబోలు, బాగా చెబుతాడు. అతని మాటలు విని వీణ సిస్టర్ అత్తగారితో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. బ్యాంకులో పనిచేసే ఒకాయన వెళ్లి రక్తదానం చేశాడు. వాళ్లు వచ్చి చెప్పినప్పుడల్లా అతనికి తనే మాట కలిపినట్టు, తన రక్తమే ఇచ్చినట్టు తృప్తి కలిగేది. ఆ తృప్తి అచ్చం నిజమైనదానిలాగే ఉండటంతో, నిజమైనదాని అవసరం అతనికి విడిగా తోచలేదు.

సాయిప్రకాష్ దగ్గరే చిక్కు వచ్చింది.

సాయిప్రకాష్ ఆర్మీలో హవల్దార్. కంటోన్మెంట్ నుంచి అంత దూరం భార్య సాయిసుధను తీసుకుని ప్రార్థనకు వచ్చేవాడు. ఒక శనివారం కిరణ్‌కుమార్‌ని లిఫ్ట్ దగ్గర ఆపి, మానేసిన తాగుడు మళ్లీ మొదలైందని, సుధకు తెలియదని చెప్పాడు. సాయంత్రం డ్యూటీ దిగాక ఆ కాసేపే కష్టంగా ఉంటుందన్నాడు. ఆ టైముకు ఒక ఫోన్ చేసి ఏదో ఒకటి మాట్లాడితే చాలన్నాడు.

కిరణ్‌కుమార్ గుండె కరిగింది. ఆ కరగడాన్ని అతను ఇప్పటికీ శంకించలేడు. కానీ ఆ కరిగిన గుండెతోనే కాసేపటికి పైకి ప్రార్థన చేయాల్సి వచ్చింది. "ప్రభువా, మా తమ్ముడు సాయిప్రకాష్‌ను తాగుడు బంధకాల్లోంచి విడిపించు" అన్నప్పుడు అతని గొంతు వణికింది. అందరూ కళ్లు మూసుకుని ఆమెన్ అన్నారు. సాయిసుధ కూడా అలవాటుగా అనేసింది. ఆ తర్వాత కళ్లు తెరిచింది.

ఫోన్ చేయడం మాత్రం మరిచిపోయాడు. మరిచిపోయాడనడం కూడా సరికాదు. అంత బాగా ప్రార్థన చేశాక ఇక చేయాల్సిందేమీ మిగల్లేదని మనసు తనంతట తనే తేల్చేసుకుంది.

ఆ దంపతులు మళ్లీ రాలేదు. దూరమైన సోదరుణ్ని వెళ్లి పలకరించమని కిరణ్‌కుమార్ ప్రతి శనివారం అందరినీ పురికొల్పాడు. అందరూ వెళ్లారు, పళ్లు కూడా పట్టుకెళ్లారు. తను వెళ్లలేదు. ఇప్పుడు సాయిప్రకాష్‌కు జోధ్‌పూర్ పోస్టింగ్ వచ్చింది. ఎల్లుండే ప్రయాణం. అక్కడే కాదు, ఇక ఏ ఊళ్లోనూ ఏ ప్రార్థన సహవాసంలోనూ అడుగు పెట్టనని అన్నాడట. నువ్వెళ్లి ఒక మాట చెప్పు, పురికొల్పడంలో నీ తర్వాతే ఎవరైనా అని పాస్టరుగారు ఫోన్ చేశారు. ఆయన ఎగతాళిగా అనలేదు. అని ఉంటే కొంత తేలికగా ఉండేది.

కంటోన్మెంట్‌లో వాళ్ల క్వార్టర్ తలుపు తీసింది సాయిసుధ. గది నిండా నల్ల రేకు పెట్టెలు, వాటి మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు. సాయిప్రకాష్ ఒక పెట్టె మీద కూర్చుని మూత అదుముతున్నాడు.

"రా అన్నా. ఇక్కడ మైకు లేదు, పర్లేదుగా?"

కిరణ్‌కుమార్ నవ్వాడు. నవ్వాల్సింది కాదని నవ్వాక తెలిసింది. "సహవాసం వదలొద్దు తమ్ముడూ. మనుషుల్ని చూసి కాదు మనం వచ్చేది…"

"నేను మనుషుల్ని చూసే వచ్చానన్నా. నువ్వు ఫోన్ చేస్తావని రోజూ చూశా. నువ్వేమో నాకు చేయకుండా దేవుడికి చేశావు."

"ఆయన చేయబట్టే కదా నాకు తెలిసింది. మీరు చెప్పారా?" అని సాయిసుధ భర్తను దెప్పి, కిరణ్‌కుమార్ కోసం కుర్చీ ఖాళీ చేసింది. "కూర్చోండన్నా. ఎటూ ప్రార్థన చేసే వెళ్తారుగా. కాస్త మెల్లగా చెయ్యండి. పక్కింట్లో కూడా తెలుగోళ్లే."

అతను నిలబడే కళ్లు మూసుకున్నాడు. వాక్యాలన్నీ పిలవకముందే వచ్చేశాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వణకాలో గొంతుకు ముందే తెలుసు. అప్పుడే ఆ వణుకు మొదలవుతోంది కూడా. అతను దాన్ని పక్కనున్నవాడి గొంతు విన్నట్టు విన్నాడు.

కళ్లు తెరిచాడు.

"ఇంటికెళ్లి చేసుకుంటానమ్మా" అన్నాడు.

సాయిప్రకాష్ తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ మూత అదమడంలో పడ్డాడు. అతనొక్కడి బరువు చాలడం లేదు, ఒక మూల లేచే ఉంది.

కిరణ్‌కుమార్ వెళ్లి ఆ మూల మీద కూర్చున్నాడు. సాయిప్రకాష్ వంగి గొళ్లెం పెట్టేదాకా లేవలేదు.