గుండెదడ సాక్ష్యం కాదు

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పగలంతా పైకీ కిందికీ తిరిగి ఇంటికొచ్చాక, మాటలకి మిగిలేది భోజనం వేళే. అప్పుడు నోట్లో ముద్ద ఉంటుంది. అత్తయ్య మాట్లాడుతుంది కానీ నాతో కాదు, నా గురించి. ఇక మిగిలింది పిచ్చుక. పిచ్చుక మా పాప. పుట్టినప్పుడు అంతే ఉందని వాళ్ళ నాన్న పెట్టిన పిలుపు. దానికి మూడో ఏడు నడుస్తోంది, ఇంకా మాటలు రాలేదు.

స్కూలు బట్టలు కుట్టేవాళ్ళు కాలర్లు మా ఇంటికి పంపుతారు. అవి మిషన్ మీద కుడుతూ ఫోన్లో పాఠాలు వినడం అలవాటు చేసుకున్నాను. చెప్పేది కాలేజీ ఉద్యోగం మానేసిన ఒక మేడం. మనిషి తన బుద్ధితో తాను ఎలా ఆలోచించాలి, ఎందుకు ఆలోచించాలి అన్నది ఆవిడ చదువు. తత్వశాస్త్రం అట. పదో తరగతి మధ్యలో ఆగిపోయిన నాకు ఆ పేరే బరువు. అయినా ఆ గొంతు వింటుంటే గదిలో ఇంకో మనిషి ఉన్నట్టుండేది.

"వరుసగా వినండి. మధ్యలోకి దూకితే నినాదాలు మిగులుతాయి, చదువు మిగలదు" అని ఆవిడ ముందే చెప్పింది. నేను దూకాను. ‘నీ బతుకు నీది’ అన్న పాఠం కనిపిస్తే ఆగలేకపోయాను. ఆ సాయంత్రమే అత్తయ్య ఏదో అంటే, "నా బతుకు నాది అత్తయ్యా" అనేశాను.

"అలాగా. అయితే నీ వంట నువ్వే చేసుకో."

"రోజూ చేస్తున్నది నేనే కదా."

"అదే చెప్తున్నా. మానకు."

బుద్ధొచ్చి మళ్ళీ మొదటి పాఠం దగ్గరికి వెళ్ళాను. చూసింది ఒక కుప్ప, ఎవరో చెప్పింది ఒక కుప్ప, మనం అనుకున్నది ఒక కుప్ప. కలపొద్దు. ఏది దేనివల్ల అవుతోందో తెలియాలంటే ఒక్కటి మార్చి చూడు, మిగతావి కదపకు. ఇంకో రోజు ఆవిడ అంది: "భయమేస్తోందంటే, భయమేస్తోందని మాత్రమే తెలిసింది. గుండెదడ సాక్ష్యం కాదు."

కాలరు పక్కన పెట్టేశాను. పిచ్చుకకి ఎక్కిళ్ళొస్తే డాక్టరు దగ్గరికి పరిగెత్తిన మనిషిని నేను. దోమ కుట్టిన మచ్చ చూసి ఏడ్చాను. క్లినిక్‌లో చీటీలు రాసే అమ్మాయి నన్ను చూడగానే "ఇవాళ ఏంటక్కా" అని నవ్వేది. ఇంట్లో నా భయాలని అందరూ లెక్కచెయ్యడం మానేశారు.

అలాంటి రోజుల్లోనే ఫోన్లోంచి ఇయర్‌ఫోన్ పిన్ను ఊడిపోయింది. మేడం గొంతు ఒక్కసారిగా గదంతా మోగింది. నేనే అదిరిపడ్డాను, కత్తెర ఒళ్ళో పడింది. నాకు వీపు పెట్టి కూర్చున్న పిచ్చుక, ఖాళీ దారపు రీళ్ళు ఒకదాని మీద ఒకటి పేరుస్తూనే ఉంది.

అత్తయ్యకి చెబితే గరిటెతో పళ్ళెం మీద గట్టిగా కొట్టింది. పిచ్చుక తిరిగింది.

"చూశావా? వీళ్ళ నాన్నా అంతే, మూడేళ్ళ దాకా నోరు విప్పలేదు. ఇప్పుడు మాత్రం ఏం విప్పుతున్నాడులే" అంది.

నాకూ నవ్వొచ్చింది. గుండె తేలికపడింది. తేలికపడటం కూడా సాక్ష్యం కాదు కదా అని తర్వాత తోచింది.

మర్నాడు అత్తయ్య సంతకి వెళ్ళాక, వెలుగు ముందునుంచి వచ్చేలా పిల్లని కిటికీ వైపు కూర్చోబెట్టాను. అప్పుడు నా నీడ దాని మీద పడదు. నేల అదరకుండా కాళ్ళ కింద దుప్పటి మడిచి వేసుకుని, వెనక నుంచి పళ్ళెం కొట్టాను. తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. లేదు. పళ్ళెం, దుప్పటి పక్కన పెట్టి, నోరు మూసుకుని, నేల మీద కాలితో తన్నాను. వెంటనే తిరిగి నన్ను చూసి నవ్వింది.

ఆ నవ్వు చూసి నేను నవ్వలేకపోయాను. నాకు తెలిసింది ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఒకరి నిద్ర ఇంకొకరు పోలేనట్టే ఒకరి ఆలోచన ఇంకొకరు చెయ్యలేరని మేడం అన్నప్పుడు బాగుందనుకున్నాను. అది ఇంత ఒంటరిగా ఉంటుందని అప్పుడు తెలియలేదు.

రాత్రి భోజనాల దగ్గర చెబితే, "మళ్ళీ మొదలెట్టావా" అన్నాడు మా ఆయన. "అమ్మ వంటింట్లోంచి పిలిస్తే తిరుగుతోందిగా. నేను చూశాను."

"నేనూ చూశాను. అదొక్కటే నాకు అర్థం కావట్లేదు."

"అర్థం కానప్పుడు ఊరుకోవచ్చుగా."

"అర్థం కాలేదనే పరీక్ష చేయిద్దామంటున్నా."

"ఆడపిల్లకి చెవుడని ఒక్కసారి పేరు పడితే ఇక పోదు" అంది అత్తయ్య. "నీ పిచ్చి భయాలకి దాని బతుకు పాడుచెయ్యకు."

"ఇది భయం కాదు అత్తయ్యా. భయమైతే ఈపాటికి ఏడ్చేదాన్ని."

ఎవరూ రాలేదు. పిల్లని ఎత్తుకుని బస్సెక్కాను.

ఆసుపత్రిలో పరీక్ష గది గోడలు మెత్తగా ఉన్నాయి. పిల్లని ఒళ్ళో పెట్టుకోమని పరీక్ష చేసే అమ్మాయి చెప్పింది. "శబ్దాలు మీకు వినిపిస్తాయి. కానీ కదలకండి, మొహం కూడా మార్చకండి. మీరు ఉలిక్కిపడితే పాప మిమ్మల్ని చూసి తిరుగుతుంది."

అప్పుడు అర్థమైంది. అత్తయ్య పిలిచినప్పుడల్లా ఎదురుగా నేనుండేదాన్ని. పిలుపు వినగానే ‘తిరుగు తల్లీ’ అన్నట్టు నా కళ్ళు వంటింటి వైపు పోయేవి. పిచ్చుక నా కళ్ళ వెంట తిరిగేది. అందరినీ నమ్మించింది నేనే.

శబ్దాలు మొదలయ్యాయి. సన్నగా, తర్వాత కాస్త గట్టిగా, తర్వాత చెవులు మూసుకోవాలనిపించేంత గట్టిగా. పిచ్చుక నా చేతి గాజు తిప్పుకుంటూ ఉంది. నేను రాయిలా కూర్చున్నాను. చివరికి డప్పులాంటి బరువైన మోత ఒకటి వచ్చింది. గాజు వదిలేసి తలెత్తింది.

"కొంచెం వినికిడి ఉంది" అందా అమ్మాయి. "ఇంకో పరీక్ష చేసి చెవి మిషన్లు పెడదాం. ఇప్పుడే తెచ్చారు, మంచిదైంది. ఎవరు కనిపెట్టారు?"

"నేను."

"బయట ఇంకెవరైనా ఉన్నారా మీతో?"

"లేరండి."

మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. అవతల లిఫ్టు మోటారు ఆపిన చప్పుడు వినిపించింది. "అమ్మకి నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాను. అత్తయ్య వినలేదు. "వాళ్ళకేం తెలుసు, నేను పిలిస్తే పలుకుతుంది" అంటూ వంటింటి గుమ్మంలో నిలబడి "పిచ్చుకా" అంది. పిల్ల నాకెదురుగా, ఆవిడకి వీపు పెట్టి, రీళ్ళు పేర్చుకుంటోంది. నేను కళ్ళెత్తలేదు. నా చేతిలోని కాలరు వైపే చూస్తూ, ఆ మెత్తటి గోడల గదిలో కూర్చున్నట్టే కూర్చున్నాను.

"పిచ్చుకా." ఈసారి గొంతు పెంచింది.

రీలు మీద రీలు.

మూడోసారి ఆ గొంతులో ఏదో విరిగింది. ఏదో ఒకటి అనాలనిపించింది. కానీ ఇది ఆవిడ కళ్ళతో ఆవిడే చూడాలి. కుట్టు మిషన్ తొక్కితే నేల అదురుతుంది, పిల్ల తిరిగేస్తుంది. తొక్కుడు పలక మీంచి కాళ్ళు రెండూ పైకి తీసుకుని, అలాగే ఉండిపోయాను.