పీకేసిన వైరు

ఛత్రినాకల గంత ఇరుకు గల్లీల టైల్స్ గోడౌన్ ఉన్నదంటె ఎవ్వరూ నమ్మరు. కానీ ఉన్నది, ఇండ్లను ఒరుసుకొని మరీ ఉన్నది. అండ్ల ఫోర్క్‌లిఫ్ట్ నడిపేటోడు కృష్ణయ్య. పదకొండేండ్ల సంది ఒక్క పెట్టె కింద పడేసిన పాపాన పోలే. గసొంటి మనిషి ఇయ్యాల ఇన్‌స్పెక్షన్ మేడం ముంగట చేతులు కట్టుకొని నిలవడ్డడు. ఎందుకంటె నాలుగు దినాల కింద గదే బండి తగిలి అంజన్ సచ్చిపోయిండు.

అంజన్ ఎవడో కాదు. అదే గోడౌన్ల పెట్టెలు దించే హమాలీ. తోడబుట్టకున్నా కృష్ణయ్యకు తమ్ముడే. ఆరేండ్లు ఇద్దరూ ఒక్క టిఫిన్ల తిన్నరు.

మేడం పేరు స్రవంతి. సర్కారు దిక్కెల్లి వచ్చింది. రెండు గంటల సంది బండి సుట్టు తిరిగి తిరిగి చూసింది. బ్రేకు మంచిగనే ఉన్నది, చైన్లు మంచిగనే ఉన్నయి. ఆఖరికి సీటు ఎన్క చెయ్యి పెట్టి ఒక వైరు బయటికి గుంజింది.

"రివర్స్ అలారం వైరు ఇది. తెగిపోలేదు. ఎవరో పీకి టేపు చుట్టారు. ఎవరు?"

బ్యాటరీ బండాయె, నడిస్తె సప్పుడే రాదు. ఎన్కకు వచ్చేటప్పుడు పీ పీ అని మొత్తుకునేది గా అలారం ఒక్కటే. గది మూగదైతె ఎన్కున్నోనికి ఏం ఎరుక, బండి మీదికి వస్తున్నదని?

"నేనే పీకిన మేడం," అన్నడు కృష్ణయ్య.

ఎందుకు పీకిండో ఇద్దరికే తెలుసు. అండ్ల ఒకడు లేకనే పాయె.

అంజన్ ఇల్లు గోడౌన్ గోడకు ఆవలి పక్కనే. రేకుల ఇల్లు. బిడ్డ పుట్టిన నాలుగో దినం వచ్చి కృష్ణయ్య గదువ పట్టుకొని బతిమిలాడిండు. "అన్నా, పొల్ల పండుకుంట లేదే. ఇట్ల కండ్లు మూస్తది, అట్ల నీ బండి మొత్తుకుంటది, దిగ్గున లేస్తది. ఇరవై ఒకటో దినం దాంక దాని నోరు మూయరాదే!"

"పాగల్ గానివా? గది బంద్ చేస్తరారా?"

"నేను పైలంగుంట గదనే. నీ బండి నాకు తెల్వదా?"

కృష్ణయ్య నవ్విండు. నవ్వి, వైరు పీకిండు. ఎంత ఘనకార్యం చేసినవు కృష్ణయ్యా! పొద్దుగాల బండిని చూసి రిజిస్టర్ల టిక్కులు పెట్టేది రోజూ ఉంటది. అలారం అని రాసున్న కాడ గూడ తొమ్మిది దినాలు టిక్కు పెట్టిండు, మనసుల ఏ చెడ్డా లేకుంట. పదో దినం పెట్టెలు నిండ ఎత్తుగుండె. ముంగట ఏం కనవడదని బండిని ఎన్కకు నడుపుకుంట వచ్చిండు. మూల మలిగిన కాడ అంజన్ గొంతుక్కూసొని పగిలిన టైల్స్ ముక్కలు ఏరుతున్నడు. గంత కిందికున్న మనిషి కృష్ణయ్య కంటికి ఆనలే. సప్పుడైతె వాడు ఎప్పటిలెక్క పక్కకు దుంకేటోడే. సప్పుడు లేదాయె.

"గోడౌన్ సేఠ్ తీయమన్నాడా? ఇంకెవరైనా అడిగారా?" అన్నది స్రవంతి మేడం. గొంతు మెత్తవడ్డది. "భయపడకుండా చెప్పు. ఉన్నదున్నట్టు చెప్తే నీ మీద భారం తగ్గుతుంది. లేకపోతే ఈ ఉద్యోగం పోతుంది, కేసు కూడా నీ ఒక్కడి మీదే పడుతుంది."

అంజన్ పేరు నాలిక కొస దాంక వచ్చింది. గప్పుడే షట్టర్ కాడికి వాళ్లు వచ్చిన్రు. వాంగ్మూలం కోసం మేడమే పిలిపించింది. అంజన్ పెండ్లాం లావణ్య, భుజం మీద పద్దెనిమిది దినాల పసిగుడ్డు. ఎన్కాల అంజన్ తల్లి బుచ్చమ్మ.

బుచ్చమ్మ నాలుగు దినాల సంది ఒక్కటే మాట. పుట్టంగనే అయ్యను మింగింది, పుట్టంగనే అయ్యను మింగింది. మనుమరాలి మొఖం గూడ చూస్తలేదు. గల్లీల ఆడోళ్లు గూడ అదే మాట గుసగుస పెడుతున్నరు. బొటనవేలంత పిల్ల, ఏం చేసిందని? థూ, గిదేం లోకం!

ఇగ గిప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్తె? పొల్ల నిదుర కోసమే అలారం బంద్ చేసిన్రంట, గందుకే తండ్రి సచ్చిండంట అని లోకం చెప్పుకుంటది. బడిల చెప్తరు, బోనాలకు నలుగురు కూడిన కాడ చెప్తరు, పెండ్లి చూపులల్ల గూడ చెప్తరు. గా మాట గా పిల్లను బతికినన్ని దినాలు ఇడిచిపెట్టది.

"ఎవ్వరూ అడగలే మేడం," అన్నడు. "నాకే చెవులు గుయ్యుమంటున్నయని పీకేసిన."

"నీ చెవుల కోసమా?"

"అవ్ మేడం."

ఆమె ఆయన మొఖం చూసింది. నమ్మలేదని తెలుస్తనే ఉన్నది. ఇగ రాసుకొని సంతకం పెట్టుమన్నది. పెట్టిండు.

లావణ్య దగ్గరికొచ్చింది. ఏటేటా రాఖీ కట్టిన పిల్ల. "నీ చెవులు గుయ్యుమంటున్నయని నా మొగన్ని సంపినవా అన్నా? చెవులల్ల ఇంత దూది పెట్టుకోకపోతివా?"

సప్పుడుకు పసిగుడ్డు లేసి కెవ్వుమన్నది. అలవాటున కృష్ణయ్య చెయ్యి ముందుకు పోయింది. బుచ్చమ్మ ఒక్క దూకు దూకి, కోడలి భుజం మీదికెల్లి పిల్లను గుంజుకొని రొమ్ముకు అదుముకున్నది.

"ముట్టకు దొంగముండకొడకా! నా కొడుకును తిన్నది సాలదా?" అని మొత్తుకుంట, కొంగు తీసి పిల్ల నెత్తి మీద కప్పింది. "నా తల్లి, నా బంగారి తల్లి... నీ అయ్యను నీకు గాకుంట చేసిండే గీడు..." నాలుగు దినాలల్ల మనుమరాలిని ఎత్తుకునుడు గిదే మొదలు.

కృష్ణయ్య చెయ్యి ఎన్కకు తీసుకున్నడు. కండ్లల్ల నీళ్లు కారిపోతున్నయి, తుడుసుకోలే.

"దీనికి తెలివి వచ్చినంక నిన్ను చూపెడ్త," అన్నది లావణ్య. "మీ బాపును సంపినోడు గీడే అని చెప్త."

"చెప్పు బిడ్డా," అన్నడు కృష్ణయ్య. "నా పేరే చెప్పు."