బీరువాలో ఒరిజినల్స్

నారాయణఖేడ్ బస్టాండుకు దగ్గర్లోని ఆ నర్సింగ్ హోమ్‌లో షైనీకి ఇద్దరంటే భయం. ఒకరు డాక్టరు. రెండోవారు వార్డు చూసుకునే గ్రేసమ్మ సిస్టర్. డాక్టరు అరుస్తాడు, అంతటితో అయిపోతుంది. గ్రేసమ్మ అరవదు. కళ్లజోడు పైనుంచి ఒక్క చూపు చూస్తుంది, దాంతో చేతిలో ఉన్న సెలైన్ సీసా కాస్తా జారిపోతుంది.

గురువారం పొద్దున తోటి నర్సు అంకిత పరుగున వచ్చి ఫోన్ చూపించింది. సర్కారు దవాఖానల స్టాఫ్ నర్సు జాబితాలో షైనీ పేరుంది. మర్నాడు పదింటికి సంగారెడ్డిలో సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ తేకపోతే పేరు కొట్టేస్తారట. ఆ ఒక్క వాక్యం చదివాక షైనీ సంతోషం ఎటుపోయిందో పోయింది.

ఒరిజినల్స్ ఆమె దగ్గర ఉంటే కదా! బీఎస్సీ నర్సింగ్ పూర్తవగానే తండ్రి గిద్యోను ఆ సర్టిఫికెట్ల ఫైలును చర్చికి తీసుకెళ్లి పాస్టరుతో ప్రార్థన చేయించాడు. ఉద్యోగంలో చేరిన రోజు డాక్టరు, "ఒరిజినల్స్ మా దగ్గర పెట్టాలి, రెండేళ్లయ్యాక ఇస్తాం" అంటే, జన్మంతా పరాయి పత్తిచేలల్లో నడుం వంచిన ఆ మనిషి అదేదో పెద్ద మర్యాద అనుకున్నాడు. ఫైలును రెండు చేతులా అందించి, "ఇగ మా బిడ్డ మీ బిడ్డనే సార్" అన్నాడు. రసీదు అడగలేదు. ప్రార్థన చేయించిన కాగితాలకు రసీదెందుకు అనుకున్నాడేమో, పాపం.

చదివే రోజుల్లో దారులు చూపినవాళ్లకు కొదవలేదు. జర్మన్ నేర్చుకుంటే జర్మనీ, లేదంటే హైదరాబాదులో పెద్దాసుపత్రి, ఎమ్మెస్సీ చేస్తే కాలేజీలో పాఠాలు, పరీక్ష రాస్తే సర్కారు కొలువు. నర్సుకేం తక్కువ, ప్రపంచమంతా పిలిచి పనిస్తుంది అన్నారు. ఆ దారులన్నీ డాక్టరు గదిలోని ఒక ఇనుప బీరువాలోంచే బయలుదేరాలని మాత్రం ఒక్క పుణ్యాత్ముడూ చెప్పలేదు.

అంకితకు జర్మనీ ఇంటర్వ్యూ వచ్చినప్పుడు ఒరిజినల్స్ అడిగింది. డాక్టరు ఇవ్వనన్లేదు. రేపు అన్నాడు. మర్నాడు మళ్లీ రేపన్నాడు. అలా పన్నెండు రేపులు గడిచేసరికి ఇంటర్వ్యూ కాస్తా అయిపోయింది. అంకిత ఇంకా ఇక్కడే బీపీలు చూస్తోంది. షైనీకి ఉన్నది ఒక్క రేపే.

డాక్టరు ఒంటిగంటకు భోజనానికి ఇంటికెళ్తే రెండింటికి గానీ రాడు. బీరువా తాళంచెవి గ్రేసమ్మ నడుముకు ఉంటుంది. ఒంటిగంటా ఇరవైకి షైనీ ఆమె టేబుల్ ముందు నిలబడింది. పొద్దుటినుంచీ బట్టీపట్టిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఏంది?" అంది గ్రేసమ్మ, కేసు షీటు మీంచి తల ఎత్తకుండానే.

"నా ఒరిజినల్స్ గావాలె సిస్టర్. రేపు సంగారెడ్డిల వెరిఫికేషనున్నది. సర్కారు కొలువు."

"సార్‌ని అడిగినవా?"

"అడగలె."

"ఎందుకడగలె?"

"భయమైతుంది సిస్టర్," అంది షైనీ. అనేశాక ఏడుపాగలేదు. ఆ చూపు ఇప్పుడు పడుతుంది, ఉన్న ఉద్యోగం కూడా పోతుందని కళ్లు గట్టిగా మూసుకుంది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఏడ్సుకుంట నిలబడకు. రా, జల్దీ" అంటూ గ్రేసమ్మ డాక్టరు గదిలోకి నడిచింది.

బీరువా తెరిస్తే కింది అరనిండా ఫైళ్లే. షైనీ నేలమీద కూర్చుని ఒక్కొక్కటీ లాగి పేర్లు చూడసాగింది. గీత, స్వరూపరాణి, అంకిత... తనది కనబడదు. బయట ఏ బండి ఆగినా తలుపు వైపు చూస్తోంది. అట్టడుగున ఒక పాత ఫైలు దొరికింది. తెరిస్తే పసుపెక్కిన నర్సింగ్ డిప్లొమా, దానికి గుచ్చిన ఫోటో. రెండు జడలేసుకున్న బక్కపలుచని పిల్ల. కింద పేరు, గ్రేసమ్మ.

"సిస్టర్... ఇది మీది."

"ఔ, నాదే."

"తాళంచెవి మీ తాన్నే ఉండె గద? మరి తీస్కోలేదేంది?"

గ్రేసమ్మ ఆ ఫైలును తీసుకుని ఉన్నచోటే పెట్టేసింది. "నేను గూడ చేరినంక రెండేండ్లకు అడుగుదమనుకున్న. భయమై అడగలె. తాళంచెవి నా చేతికొచ్చేసరికి కొలువులకు వయసు దాటిపాయె. ఇగ తీస్కపోయి ఎవరికి జూపాలె?"

అంతదాకా షైనీ భయమంతా డాక్టరు అరుపు గురించే. ఆ రెండు జడల పిల్ల మొహం చూశాక పుట్టిన భయం ముందు అదెంత! ఈరోజు నోరు మెదపకుండా ఊరుకుని ఉంటే తన ఫైలూ ఇక్కడే పసుపెక్కేది, తాను కూడా ఏదో ఒకరోజు కళ్లజోడు పైనుంచి చూస్తూ ఇక్కడే మిగిలిపోయేది.

పై అర వెతికిన గ్రేసమ్మ షైనీ ఫైలు తీసి చేతిలో పెడుతుండగానే గేటు దగ్గర డాక్టరు కారు హారన్ మోగింది. రెండు ఇంకా కానేలేదు. గ్రేసమ్మ చేతిలో తాళంచెవి బీరువా రంధ్రాన్ని రెండుసార్లు తప్పింది.

"మిమ్మల్ని అడుగుతడు సిస్టర్," అంది షైనీ. "ఏం జెప్తరు?"

"ఏం జెప్త? గజగజ వణుక్కుంట నిలబడ్త. ఇరవై ఏండ్ల సంది అదే జేస్తున్న, నాకు అలవాటే" అంది గ్రేసమ్మ, ఆమెను వెనక గుమ్మం వైపు నెడుతూ. "నువ్వు అలవాటు జేస్కోకు. ఉరుకు."

షైనీ పరుగెత్తింది.