కిందపడని రుమాలు

నేను రుమాలు వదులుతాను. అది కిందపడదు.

ఇది రోమానగరపు రథాల మైదానం; జనవరి నెల తొలి ఉదయం. కొత్తగా కాన్సల్ పదవిని అలంకరించిన ప్రభువు ఈ ఎత్తైన మంటపం నుంచి తెల్లని రుమాలు జారవిడవాలి. అది నేలను తాకితే రథాలు కదులుతాయి. రథాలు కదిలితే సంవత్సరం మొదలవుతుంది, ఆ ప్రభువు పేరుతోనే సాగుతుంది. ఈసారి ఆ ప్రభువును నేను. ఈ మహాపదవికి మిగిలిన పని ఇదొక్కటే. దీనికోసమే మా వంశం తరతరాలుగా విందులు ఇస్తోంది, నవ్వుతోంది.

రుమాలు నా వేళ్ళకు జానెడు దూరంలో, గాలిలో, మర్యాదగా నిలబడి ఉంది. కింద గుర్రాలు ఎత్తిన ముందుకాలు దించడం లేదు. సూర్యుడు ప్రాకారం మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.

"లాగకురా," అంటుంది వెనక దంతపు కుర్చీలో కూర్చున్న మా మేనత్త గలోనియా. "అది మన ఇంటి గుడ్డ. దానంతటదే దిగాలి."

"దిగడం లేదు, అత్తయ్యా."

"ఎందుకు దిగుతుంది? మన వంశంలో ఇంతవరకు ఎవడు దిగాడు గనక?"

నాకు అర్థమవుతుంది. ఆవిడ రుమాలు అంచు పొడవునా మా పూర్వుల పదవులన్నీ బంగారు జరీతో కుట్టించింది. తక్కిన కుటుంబాలు రుమాలును రుమాలుగానే ఉంచుతాయి. మాకు ఆ అలవాటు లేదు.

మంటపంలోకి పల్లకీ వస్తుంది. అందులో నా భార్య సెవెరీనా, పక్కనే మంత్రసాని. నిన్నటి నుంచి సెవెరీనా ప్రసవవేదన పడుతోంది.

"బిడ్డ అడ్డం తిరగలేదు దొరా, తల కిందికే ఉంది," అంటుంది మంత్రసాని. "రానంటోంది, అంతే. ఏ ఏడాదిలో పుట్టాలో చెప్పమంటోంది."

నేను సెవెరీనా కడుపుకు చెవి ఆనిస్తాను. లోపలి గొంతు స్పష్టంగా ఉంది. కొంత విసుగు కూడా ఉంది.

"పాత ఏడాది వెళ్ళిపోయింది. కొత్తది రాలేదు. గుమ్మం లేని ఇంట్లోకి ఎలా రమ్మంటారు?"

"అచ్చం మీ వాళ్ళ పోలికే," అంటుంది సెవెరీనా పంటి బిగువున. "ఏమండీ, ఆ గుడ్డ సంగతేదో చూడండి. ఇక నావల్ల కాదు."

ఆమె పెదవులు తెల్లబడుతున్నాయి. మంత్రసాని నా వంక చూడడం మానేస్తుంది.

నేను రుమాలు అంచులో ఒక జరీపోగు పట్టి లాగుతాను. ముత్తాతగారి ఆఫ్రికా పాలన ఊడివస్తుంది. రుమాలు మూరెడు దిగుతుంది. మైదానం అవతల ఆయన పాలరాతి విగ్రహం పీఠం దిగి, చెప్పులు వెతుక్కుని, వెళ్ళిపోతుంది.

"ఒరేయ్ దౌర్భాగ్యుడా! ఆ ఆఫ్రికా కోసం ఆయన ఇద్దరల్లుళ్ళకు విషం పెట్టించాడురా!"

తాతగారి నగరపాలన లాగుతాను. అత్తయ్య కుర్చీ కాళ్ళు కురచవుతాయి. నాన్నగారి న్యాయాధిపత్యం లాగేసరికి ఆవిడ నేలమీద కూర్చుని ఉంటుంది, ఎవరింటి పంచలోనో పిలుపు కోసం కాచుకున్నట్టు.

చివరి పోగు నా పేరు.

"అదొక్కటీ ఉంచు నాయనా," అంటుంది అత్తయ్య చిన్న గొంతుతో. "అదీ పోతే ఏడాదిని ఏమని పిలుస్తారు? నిన్నేమని పిలుస్తారు?"

సెవెరీనా తల పల్లకీ అంచు మీదికి వాలిపోతుంది.

లాగుతాను. రుమాలు నేలను తాకుతుంది. ఆడపిల్ల ఏడుపు వినిపిస్తుంది. సెవెరీనా పెదవులకు రంగు తిరిగి వస్తుంది. ఏడాది పేరు ప్రకటించడానికి చాటింపు అధికారి నోరు తెరిచి, లోపల ఏమీ లేకపోవడంతో సవినయంగా మూసుకుంటాడు.

ఎవరి ఏడాది కోసం పరుగెత్తాలో గుర్రాలకు తెలియదు. అవి కాడి విడిపించుకుని, మెట్లెక్కి, సెనేటు సభ్యుల వరుసలో కూర్చుంటాయి. సభ్యులు సర్దుకుని చోటిస్తారు.

మైదానంలో రథం ఒంటరిగా మిగులుతుంది. దానినిండా సంవత్సరం ఉంది: వానలు, కోతలు, ఒక విషజ్వరం, ఎవరెవరివో పెళ్ళిళ్ళు. నేను మెట్లు దిగి వెళ్ళి కాడి కింద మెడ పెడతాను. కొలత సరిగ్గా సరిపోతుంది.

సెవెరీనా పసిపిల్లతో రథమెక్కి పగ్గాలు అందుకుంటుంది. ఆమె ఏనాడూ నన్ను పేరుపెట్టి పిలవలేదు గనక ఆమెకు ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు.

"ఏమండీ, మెల్లగా. పిల్ల నిద్రపోతోంది."

అడుగు వేస్తాను. చక్రం మూలుగుతుంది. రథం వెనకనుంచి మొదటి రోజు, అప్పుడే పుట్టిన దూడలా తడితడిగా, ఇసుకలోకి జారిపడుతుంది. వణికే కాళ్ళమీద లేచి, మా వెంట నడవడం మొదలుపెడుతుంది.