నాలుగు సమాన వాటాలు

అది రెండువేల ఆరు. నర్సీపట్నంలోని ఒక సర్కారు ఆఫీసుకి ఎనభై జీబీ బ్యాకప్ డిస్కు వచ్చిన రోజునే సూపరింటెండెంట్ మత్స్యలింగం గారు దాన్ని తన దానితో కలిపి నాలుగు సెక్షన్లకీ సమానంగా పంచేశారు. రేపు ఎవరూ మాట అనకూడదని ఆయన పట్టుదల. డిస్కులో నాలుగు పార్టిషన్లు, తలా ఇరవై జీబీ. పంపకం అయ్యాక మైసూర్‌పాకులు కూడా పంచారు.

రేషన్ కార్డుల సెక్షన్లో ఫొటోలూ ఫారాలూ కలిపి ముప్పై రెండు జీబీ ఉన్నాయి. సూపరింటెండెంట్ గారి వాటాలో ఉన్నవి ఆయన మనవరాలి బారసాల ఫొటోలు తొమ్మిది. అందుచేత కార్డుల బ్యాకప్ ప్రతి శుక్రవారం మొదలయ్యేది, చోటు చాలక సగంలో ఆగిపోయేది. రిజిస్టరులో మాత్రం ‘బ్యాకప్ ప్రారంభించడమైనది’ అని రాసి సంతకం పెట్టేవారు. ప్రారంభించిన మాట నిజమే కదా.

ఒక బుధవారం పొద్దున, ఆ ఫొటోల అసలు ప్రతులున్న సర్వర్ టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. శుక్రవారం విశాఖపట్నం నుంచి మెకానిక్ వచ్చి పట్టుకుపోతాడు. ఈలోగా కాపీ కాకపోతే ఫొటోలన్నీ పోయినట్టే. వాటిని నాలుగు నెలల పాటు తీసింది కాంట్రాక్టు ఆపరేటర్ ఎస్తర్ రాణి. ఒక ఊళ్లో ఒకే తెల్లచొక్కాని పదకొండు మంది ఇంటి పెద్దలు ఒకరి తర్వాత ఒకరు తొడుక్కుని ఫొటో దిగారు. కూలి మానుకుని, ఆటోల్లో వేలాడుతూ వచ్చిన వాళ్లని మళ్లీ రమ్మనడానికి ఆమెకి నోరు రావడం లేదు.

“సార్, మీ వాటా మొత్తం ఖాళీయేనండి. మాదాంట్లో కలిపేత్తే బేగి అయిపోద్ది.”

“ఖాళీ ఉంటే ఇచ్చేత్తారేటమ్మా? మా పెరడు కూడా ఖాళీయే. వచ్చి పాక ఏసుకుంటావా?”

“ఫొటోలు పోతే ఎలాగండి?”

“మళ్లీ తీద్దువు. కెమెరా నీ కాడే ఉంది కదా.”

తపాలా సెక్షన్ దేవుళ్లు గారిని అడిగింది. “ఆయనిస్తే నేనూ ఇత్తాను. ఆయనకంటే ముందు నేనిచ్చేత్తే మా సెక్షన్‌కి ఇలువేటుంటాది?” అన్నాడాయన. మూడో ఆయన సెలవులో ఉన్నాడు, కానీ తన వాటా ముట్టుకోవద్దని ఫోన్ చేసి మరీ చెప్పాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు జ్ఞానమణి కొత్త చింతపండు జాడీలోకి ఎత్తుతోంది. నలుగురు కోడళ్లకీ కలిపి జాడీ ఒక్కటే. దాని చుట్టూ నలుగురి పేర్లూ రాసిన చీటీలు అంటించి ఉన్నాయి.

“అంతా ఒక్కదాంట్లోనే ఏసేత్తే ఎవరి వాటా ఎంతో ఎలా తెలుస్తాదత్తా?”

“వాటా ఎవులు సూత్తారే పిచ్చిదానా! పేరుందా లేదా అనే సూత్తారు. పదహారేళ్లయింది, మూత తీసి తూకం ఏసింది ఒక్కతుందా? నువ్వు మాత్రం ఏసావేటి?”

ఎస్తర్ రాణి వేయలేదు. ఆ మాటకొస్తే, పోయినేడు తన చీటీ కాస్త చిన్నదైందని అలిగింది కూడా.

గురువారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లగానే, పాత పార్టిషన్లలో పనికొచ్చేవన్నీ, బారసాల ఫొటోలతో సహా, సీడీలోకి ఎక్కించింది. నాలుగు పార్టిషన్లనీ తీసేసి డిస్కంతా ఒక్కటిగా చేసింది. తర్వాత అందులో నాలుగు ఫోల్డర్లు పెట్టి, ఎవరివి వాళ్లకి సర్ది, ఎవరి కంప్యూటర్ తెర మీద వాళ్ల పేరుతో, నొక్కితే వాళ్ల ఫోల్డర్ తెరుచుకునే బొమ్మ ఒకటి ఉంచింది. నాలుగు బొమ్మలూ ఒకే సైజు. కార్డుల కాపీ సాయంత్రం అయిదున్నరకి పూర్తయింది. రిజిస్టరులో మొదటిసారి ‘ముగిసినది’ అని రాసింది.

పది రోజులకి సర్వర్ తిరిగొచ్చింది. కొత్త డిస్కు, లోపల ఏమీ లేదు. ఎస్తర్ రాణి ఫొటోలన్నీ తిరిగి ఎక్కించి, ముందుగా ఆ ఊరు తెరిచి చూసుకుంది. తెల్లచొక్కాలు లెక్కపెట్టింది. పదకొండూ ఉన్నాయి.

మత్స్యలింగం గారు తన పేరున్న బొమ్మ మీద నొక్కి, మనవరాలిని చూసుకుని, ఆఫీసంతా వినబడేలా అన్నారు:

“సూసారా! ఆ రోజు నేను సమానంగా పంచబట్టే ఇయ్యాల అన్నీ మిగిలాయి. ఆయమ్మ మాటిని కలిపేసుంటే ఏటయ్యేది?”

“కొంప మునిగేదండి” అన్నాడు దేవుళ్లు, తన బొమ్మ వైపు ఓసారి చూసుకుని.

వెంటనే పై ఆఫీసుకి ఉత్తరం చెప్పి రాయించారు. బ్యాకప్ డిస్కులని సెక్షన్లకి సమానంగా పంచే ఈ పద్ధతినే అన్ని ఆఫీసులూ పాటించాలని దాని సారాంశం. ఎస్తర్ రాణి తల వంచుకుని తప్పుల్లేకుండా టైపు చేసి ఇచ్చింది.

“దీని కాపీ ఎక్కడ పెట్టమంటారండి?”

“నా వాటాలోనే పెట్టమ్మా” అన్నారాయన సంతకం చేస్తూ. “అక్కడైతే బోల్డు ఖాళీ.”